తోక తెగిన బూట్‌లోడర్: యూ-బూట్ బిల్డ్ ఆప్షన్ల మీద ఒక కేస్ స్టడీ

పైలట్‌కి పంపిన ఎనిమిది యూనిట్లూ ఒకే చోట ఆగిపోయాయి. సీరియల్ కన్సోల్ పెట్టి చూస్తే ఎస్‌పీఎల్ (లినక్స్‌ని లేపే బూట్‌లోడర్ యూ-బూట్‌లో ముందుగా నడిచే చిన్న ముక్క) బ్యానర్ వస్తుంది, దాని కింద "ట్రైయింగ్ టు బూట్ ఫ్రమ్ ఎంఎంసీ1" అన్న లైను పడుతుంది, అంతే. ఆ తర్వాత ఒక్క అక్షరం రాదు. కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించాక చేసిన మొదటి రీబూట్‌కే ఇలా అయ్యాయి. అదే బైనరీతో నా టేబుల్ మీద బోర్డు మూడు వారాలుగా హాయిగా నడుస్తోంది.

తప్పు ఎక్కడుందో తేలడానికి నాలుగు రోజులు పట్టింది. అందులో రెండు రోజులు పూర్తిగా తప్పుదారిలోనే పోయాయి. చివరికి తేలిందేమిటంటే, మేం పెట్టిన ఏ ఆప్షనూ తప్పు కాదు. పెట్టని ఆప్షన్ ఒకటి ఉంది.

బోర్డు, దాని మ్యాపు

బోర్డు మేం సొంతంగా డిజైన్ చేసుకున్నది. ప్రాసెసర్ ఎన్‌ఎక్స్‌పీ వాళ్ల ఐ.ఎంఎక్స్ 6యూఎల్‌ఎల్, స్టోరేజీ ఈఎంఎంసీ, అంటే బోర్డు మీదే అతికించిన ఫ్లాష్ స్టోరేజీ చిప్. బూట్ వరుస అందరికీ తెలిసిందే. చిప్‌లోని బూట్ రోమ్ ముందుగా ఎస్‌పీఎల్‌ని 128 కేబీ ఆన్‌చిప్ ర్యామ్‌లోకి తెస్తుంది. ఎస్‌పీఎల్ లేచి డీడీఆర్‌ని (చిప్ బయటున్న ప్రధాన మెమరీ) సిద్ధం చేసి, అసలు యూ-బూట్‌ని అందులోకి లోడ్ చేస్తుంది. ఆ తర్వాత లినక్స్.

ఇవేవీ పార్టిషన్లలో ఉండవు. మా ఈఎంఎంసీలో మొదటి పార్టిషన్ 4 ఎంబీ దగ్గర మొదలవుతుంది. దానికి ముందున్న ఖాళీలో ఆఫ్‌సెట్ లెక్కన అన్నీ సర్దుకుని కూర్చుంటాయి. ఎస్‌పీఎల్ 1 కేబీ దగ్గర, యూ-బూట్ 69 కేబీ దగ్గర, ఎన్విరాన్‌మెంట్ (యూ-బూట్ తన సెట్టింగులు దాచుకునే బ్లాక్) 768 కేబీ దగ్గర. (పార్టిషన్ పట్టికకి జీపీటీ ఎందుకు వాడలేదని అడిగేవాళ్ల కోసం: జీపీటీ ఎంట్రీలు సెక్టార్ 2 నుంచి మొదలవుతాయి, ఈ చిప్‌కి ఎస్‌పీఎల్ ఉండాల్సింది సరిగ్గా అక్కడే. అందుకే పాత తరహా ఎంబీఆర్ పట్టిక.) 69 అనే అంకె చూసి కొత్తవాళ్లు తికమకపడుతుంటారు. మొదట వదిలేసే 1 కేబీ, హెడర్ ప్యాడింగ్‌తో కలిపి ఎస్‌పీఎల్‌కి గరిష్ఠంగా ఇచ్చే 68 కేబీ, రెండూ కలిస్తే 69. దాని వెనకున్న లెక్క అంతే.

పాత ఫర్మ్‌వేర్‌లో యూ-బూట్ 2018.03 ఉండేది. ఇమేజ్ సైజు 4,86,312 బైట్లు. కెర్నల్‌కి సంతకం తనిఖీ కావాలని నిర్ణయం జరిగాక, ఎలాగూ చేతులు పెడుతున్నాం కదా అని 2022.04కి మారాం. నాలుగేళ్ల దూరాన్ని ఒక్క దూకులో దాటడం అది. ఇప్పుడైతే మధ్యలో రెండు చోట్ల ఆగి వెళ్లేవాణ్ణి.

డెఫ్‌కాన్ఫిగ్ చెప్పనివి

బిల్డ్ ఆప్షన్లు ఎంచుకునే కెకాన్ఫిగ్ వ్యవస్థ యూ-బూట్‌లోకి 2014లో వచ్చింది. లినక్స్ కెర్నల్‌లో వాడే పద్ధతే. బోర్డుకి ఒక డెఫ్‌కాన్ఫిగ్ ఫైలు ఉంటుంది. దాని నుంచి బిల్డ్ సమయంలో పూర్తి డాట్-కాన్ఫిగ్ తయారవుతుంది. డెఫ్‌కాన్ఫిగ్‌లో ఉండేవి డిఫాల్ట్‌కి భిన్నంగా మనం పెట్టుకున్నవి మాత్రమే. మా ఫైలు తొంభై లైన్లు ఉంటుంది. దాని నుంచి పుట్టే డాట్-కాన్ఫిగ్ వెయ్యి లైన్లు దాటుతుంది. ఆ మిగతా లైన్లన్నీ వేరేవాళ్లు తీసుకున్న నిర్ణయాలు.

కొత్త వెర్షన్‌కి మారగానే తగిలిన మొదటి దెబ్బ ఇక్కడిదే. బోర్డు "ఎస్‌పీఎల్: అన్‌సపోర్టెడ్ బూట్ డివైస్" అని ఆగిపోయింది. మా డెఫ్‌కాన్ఫిగ్‌లో ఎస్‌పీఎల్‌కి ఎంఎంసీ సపోర్ట్ ఇచ్చే లైను ఉంది, కళ్ల ముందే కనిపిస్తోంది. కానీ 2021లో ఆ వరస ఆప్షన్ల పేర్లు మార్చేశారు. పేరు చివర ఉన్న "సపోర్ట్" అనే మాట తీసేసి కుదించారు. కెకాన్ఫిగ్‌కి తెలియని పేరు కనపడితే అరవదు. ఆ లైను లేనట్టే ముందుకు పోతుంది. డిపెండెన్సీ తీరని ఆప్షన్‌కి కూడా ఇదే గతి. మనం "వై" అని రాసినా, అది ఆధారపడేది ఆఫ్‌లో ఉంటే చడీచప్పుడు లేకుండా రాలిపోతుంది.

ఇది ఒక గంటలో దొరికింది. దాంతో నేను మెనూకాన్ఫిగ్ (ఆప్షన్లని మెనూలా చూపించే టూలు) తెరిచి, మా తొంభై లైన్లలో ప్రతి ఒక్కటీ డాట్-కాన్ఫిగ్‌లోకి చేరిందో లేదో స్క్రిప్టుతో సరిచూశాను. ఏడు రాలిపోయాయి. ఏడింటినీ సరిచేశాను. మెనూకాన్ఫిగ్ వాడేవాళ్లకి ఒక చిన్న మాట. స్లాష్ నొక్కి వెతికితే వచ్చే స్క్రీన్‌లో "డిపెండ్స్ ఆన్", "సెలెక్టెడ్ బై" అనే రెండు వరుసలుంటాయి. అసలు సంగతంతా అక్కడే ఉంటుంది. నక్షత్రానికి అటూ ఇటూ చదరపు బ్రాకెట్లకి బదులు డ్యాష్‌లు కనిపిస్తే, దాన్ని ఇంకేదో ఆప్షన్ బలవంతంగా ఆన్ చేసిందని అర్థం. స్పేస్‌బార్ ఎంత నొక్కినా మారదు. "సెలెక్టెడ్ బై" చూసి, పట్టుకున్నవాణ్ణి ముందు వదిలించాలి.

రాలిపోయినవి చూసుకున్నాను. కొత్తగా వచ్చి చేరినవి చూసుకోలేదు. బోర్డు బూట్ అయింది, సంతకం తనిఖీ పనిచేసింది, యూఎస్‌బీ మాస్ స్టోరేజ్ కమాండు పనిచేసింది. సంబరపడ్డాం. ఇమేజ్ సైజు 7,19,204 బైట్లకి చేరిందని ఆ రోజు ఎవరూ గమనించలేదు.

డీడీఆర్ మీద నెట్టేసిన రెండు రోజులు

ఎస్‌పీఎల్ మాట్లాడుతుంది, యూ-బూట్ మాట్లాడదు. ఈ లక్షణం చూడగానే పదిమందిలో తొమ్మిదిమంది డీడీఆర్ అనే అంటారు. నేనూ అన్నాను. ఎస్‌పీఎల్ నడిచేది ఆన్‌చిప్ ర్యామ్‌లో, యూ-బూట్ నడిచేది డీడీఆర్‌లో. ఆ రెంటి మధ్య గీత దగ్గరే అంతా ఆగిపోయింది కాబట్టి అనుమానం సహజం. పైగా పైలట్ యూనిట్లలో మెమరీ చిప్ బ్యాచ్ వేరు.

హార్డ్‌వేర్ సైడ్ నుంచి సీనియర్ ఒకాయన వచ్చి, స్కోప్ పెట్టి క్లాక్ చూసి, కాలిబ్రేషన్ విలువలు మళ్లీ రాబట్టి, "మీ సాఫ్ట్‌వేర్‌లోనే ఏదో ఉందండీ, మెమరీ శుభ్రంగా ఉంది" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇంకో రోజు టైమింగులు మార్చి మార్చి చూశాను. ఆయన మాటే నిజమైంది.

మూడో రోజు పొద్దున మా జూనియర్ అబ్బాయి ఒక ప్రశ్న వేశాడు. "అన్నా, ఈఎంఎంసీలో ఉన్నది నిజంగా మనం బిల్డ్ చేసిందేనా?" ఆ ప్రశ్న మొదటి రోజే నేను వేసుకోవాల్సింది.

చనిపోయిన బోర్డుని బూట్ మోడ్ పిన్నులతో సీరియల్ డౌన్‌లోడ్ మోడ్‌లోకి తెచ్చి, యూఎస్‌బీ మీదుగా పాత యూ-బూట్‌ని ఎక్కించాం. ర్యామ్‌లోంచే నడుస్తుంది, ఈఎంఎంసీని ముట్టుకోదు. లేచాక యూఎంఎస్ కమాండుతో ఈఎంఎంసీని ల్యాప్‌టాప్‌కి పెన్‌డ్రైవ్‌లా చూపించి, మొదటి 1 ఎంబీ మొత్తం ఫైలుగా దింపుకున్నాం. అందులో 69 కేబీ నుంచి యూ-బూట్ ఇమేజ్ పొడవు మేరకు కోసి, బిల్డ్ సర్వర్‌లోని ఇమేజ్‌తో సీఎంపీ కమాండు పెట్టి పోల్చాం.

తేడా వచ్చింది. మొదటి తేడా 7,15,777వ బైటు దగ్గర.

సీఎంపీ ఒకటి నుంచి లెక్కపెడుతుంది. కాబట్టి సరిగ్గా ఉన్న బైట్లు 7,15,776. దాన్ని 1024తో భాగిస్తే 699, శేషం సున్నా. ఎక్కడో పాడైన మెమరీ చిప్ ఇంత గుండ్రని చోట పాడవదు. 699కి 69 కలిపితే 768. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

హెక్స్‌డంప్‌లో ఆ చోట చూస్తే నాలుగు బైట్లు అర్థం లేనివి, ఆ వెంటనే కుడివైపు కాలమ్‌లో చదవగలిగే అక్షరాలు: "బూట్‌సీఎండీ=రన్". బూట్‌లోడర్ కడుపులో దాని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ పడి ఉన్నాయి. ఆ నాలుగు బైట్లు ఎన్విరాన్‌మెంట్ బ్లాక్ ముందు ఉండే సీఆర్‌సీ32, అంటే డేటా పాడైందో లేదో తేల్చే చెక్‌సమ్.

అసలు ఏం జరిగింది

69 కేబీ దగ్గర మొదలైన ఇమేజ్‌కి 768 కేబీ గోడ వచ్చేదాకా 699 కేబీ జాగా ఉంది. మా ఇమేజ్ 702 కేబీ దాటింది. చివరి 3,428 బైట్లు ఎన్విరాన్‌మెంట్ స్థలంలోకి దూరాయి.

ఆ చివర్లో ఉన్నది ఏమిటన్నదే మిగతా కథ. 2018.03లో మా బోర్డుకి యూ-బూట్ డివైస్ ట్రీ (బోర్డు మీద ఏ హార్డ్‌వేర్ ఎక్కడుందో చెప్పే డేటా) లేకుండానే నడిచేది. కొత్త వెర్షన్‌లో డ్రైవర్ మోడల్ (డివైస్ ట్రీ చూసి డ్రైవర్లని జతచేసే పద్ధతి) తప్పనిసరి. దానితో డివైస్ ట్రీ బ్లాబ్ వచ్చి కోడ్ అంతా అయ్యాక ఇమేజ్ చివర అతుక్కుంటుంది. మాది 29 కేబీ. ఆ బ్లాబ్ నిర్మాణంలో మొదట హెడర్, తర్వాత నోడ్ల వివరం, చిట్టచివర ప్రాపర్టీల పేర్లు ఉండే స్ట్రింగుల భాగం. తెగిపడింది ఆ తోకే. హెడర్ భద్రంగా ఉంది కాబట్టి యూ-బూట్ "డివైస్ ట్రీ ఉంది" అనుకుని ముందుకెళ్లింది. పేర్లు పోయాయి కాబట్టి, ఏ డ్రైవర్ కావాలో చెప్పే "కంపాటిబుల్" అనే ప్రాపర్టీని ఏ నోడ్‌లోనూ గుర్తుపట్టలేకపోయింది. సీరియల్ పోర్టు డ్రైవర్ దొరకలేదు. దొరకలేదని చెప్పడానికి కూడా సీరియల్ పోర్టే కావాలి. అందుకే ఆ నిశ్శబ్దం.

ఎస్‌పీఎల్ ఎందుకు పట్టుకోలేదు? ఇమేజ్ హెడర్‌లో డేటా సీఆర్‌సీ ఉంటుంది. కానీ పాత తరహా ఇమేజ్‌లకి ఆ సీఆర్‌సీని ఎస్‌పీఎల్ సరిచూడాలంటే దానికి వేరే ఆప్షన్ ఉంది. అది మాకు ఆఫ్. ఆఫ్‌లో ఉంటే మ్యాజిక్ నంబరు, సైజు చూసి సరే అంటుంది.

ఇక, నా టేబుల్ మీద బోర్డుకి ఏమీ కాలేదెందుకు? నేను దాన్ని యూఎస్‌బీ నుంచి మొత్తం ఇమేజ్‌తో ఫ్లాష్ చేశాను, ఎన్విరాన్‌మెంట్‌ని ఎప్పుడూ సేవ్ చేయలేదు. మ్యాక్ అడ్రస్ ఫ్యూజుల్లో ఉంది, కాబట్టి ఫ్యాక్టరీలో కూడా సేవ్ చేసే పని లేదు. పైలట్ యూనిట్లలో కథ వేరు. అప్‌డేట్ ఏజెంట్ ముందు కొత్త యూ-బూట్‌ని రాసింది. అప్పటికి యూ-బూట్ నిక్షేపంగా ఉంది, పాడైంది ఎన్విరాన్‌మెంట్ ముందు భాగం. తర్వాత ఏజెంట్ లినక్స్ నుంచి "అప్‌గ్రేడ్_అవైలబుల్" వేరియబుల్‌ని 1 చేసింది. మేం వాడే బూట్‌కౌంట్ (అప్‌డేట్ తర్వాత ఎన్నిసార్లు బూట్ ప్రయత్నం జరిగిందో లెక్కపెట్టే) పద్ధతికి ఇది అవసరం. ఎన్విరాన్‌మెంట్‌లో దాచే బూట్‌కౌంట్ ప్రతి బూట్‌కీ ఫ్లాష్ మీద రాయకుండా, ఈ వేరియబుల్ 1 ఉన్నప్పుడు మాత్రమే రాస్తుంది. ఆ ఒక్క వేరియబుల్ మార్చడానికి ఎఫ్‌డబ్ల్యూ_సెట్‌ఎన్వ్ టూలు మొత్తం బ్లాక్‌ని చదివింది, సీఆర్‌సీ తప్పని డిఫాల్ట్ తీసుకుంది, 8 కేబీ తిరిగి రాసింది. యూ-బూట్ తోక తెగింది. తర్వాత రీబూట్.

ఏజెంట్‌ని టెస్ట్ చేయలేదా అంటే, చేశాం. రూట్ ఫైల్‌సిస్టమ్ మార్చే దారిలో పదిసార్లు చేశాం. బూట్‌లోడర్ మార్చే దారిలో ఒక్కసారి కూడా చేయలేదు.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. నా బోర్డు ప్రతి బూట్‌లోనూ "బ్యాడ్ సీఆర్‌సీ, యూజింగ్ డిఫాల్ట్ ఎన్విరాన్‌మెంట్" అనే హెచ్చరిక చూపిస్తూనే ఉంది. "అది ఎప్పుడూ వచ్చేదే కదన్నా" అన్నాడు జూనియర్. ఒకసారి కూడా సేవ్ చేయని బోర్డులో అది రావడం మామూలే కాబట్టి మా కళ్లు దాన్ని చదవడం ఎప్పుడో మానేశాయి.

మూడు భాషల్లో ఒకే లెక్క

ఇంత పెద్ద ఢీ కాన్ఫిగ్ ఫైల్లో ఎందుకు కనపడలేదో చూద్దామని ఆ లైన్లు పక్కపక్కన పెట్టాను. యూ-బూట్ ఎక్కడుందో చెప్పే రా మోడ్ ఆప్షన్ విలువ హెక్స్‌లో 8ఏ. అది బైట్లు కాదు, సెక్టార్లు. 138 సెక్టార్లు, ఒక్కోటి 512 బైట్లు, మొత్తం 70,656, అంటే 69 కేబీ. ఎన్విరాన్‌మెంట్ ఆఫ్‌సెట్ విలువ హెక్స్‌లో సీ0000. ఇది బైట్లు. ఇమేజ్ సైజు అసలు కాన్ఫిగ్‌లోనే లేదు, బిల్డ్ అయ్యాక డైరెక్టరీలో చూస్తే డెసిమల్‌లో కనిపిస్తుంది. ఒకే గజం మీద కొలవాల్సిన మూడు కొలతలు మూడు యూనిట్లలో, మూడు చోట్ల ఉన్నాయి. రివ్యూలో ఎంత జాగ్రత్తగా చదివినా కంటికి ఆనదు.

నాలుగో చోటు కూడా ఉంది. లినక్స్ వైపు ఎఫ్‌డబ్ల్యూ_ఎన్వ్ కాన్ఫిగ్ ఫైల్లో అదే ఆఫ్‌సెట్, అదే సైజు మళ్లీ చేత్తో రాసి ఉంటాయి. రెండూ ఒకటేనా అని ఏ టూలూ సరిచూడదు.

ఏవి తీశాం, ఏవి ఉంచాం

సైజు ఎందుకు పెరిగిందో వెతికితే మొదట నాకు నచ్చని జవాబు వచ్చింది. పాత, కొత్త డాట్-కాన్ఫిగ్‌లని కెర్నల్ ట్రీలో ఉండే డిఫ్‌కాన్ఫిగ్ స్క్రిప్టుతో పోల్చాను. డ్రైవర్ మోడల్, సంతకం తనిఖీ కోసం మేం పెట్టిన ఆర్‌ఎస్‌ఏ, ఇవి కనిపించాయి. కానీ అతి పెద్ద ముక్క ఈఎఫ్‌ఐ లోడర్ (పీసీల తరహాలో ఓఎస్‌ని లేపే భాగం). అది రెండు వెర్షన్లలోనూ ఆన్‌లోనే ఉంది! ఏఆర్ఎం బోర్డులకి డిఫాల్ట్‌గా ఆన్. ఆప్షన్ అదే, పేరు అదే, విలువ అదే. ఈ నాలుగేళ్లలో దాని వెనకున్న కోడ్ ఎన్నో రెట్లు పెరిగింది. అంటే కాన్ఫిగ్ డిఫ్ ఎంత శ్రద్ధగా చూసినా ఇది దొరికేది కాదు. ఏ ఫంక్షన్ ఎంత పెరిగిందో చూడాలంటే యూ-బూట్‌తోనే వచ్చే బిల్డ్‌మ్యాన్ టూలుని సైజుల మోడ్‌లో నడపాలి.

మా ఉత్పత్తికి ఈఎఫ్‌ఐతో పని లేదు. తీసేస్తే 84 కేబీ తగ్గింది. ఎన్‌ఎఫ్‌ఎస్, ఈఎల్‌ఎఫ్, సీరియల్ మీద ఫైలు దింపుకునే కమాండ్లు, ఇలా డిఫాల్ట్‌గా వచ్చేవి కొన్ని తీసేస్తే ఇంకో 11. ఇమేజ్ 6,21,448 బైట్లకి వచ్చింది. లింక్-టైమ్ ఆప్టిమైజేషన్ ఆన్ చేస్తే ఇంకా తగ్గేది. కానీ బూట్‌లోడర్‌లో జేటాగ్ డీబగ్గర్ పెట్టి అడుగడుగునా నడవాల్సిన రోజు వచ్చినప్పుడు అది పెట్టే తలనొప్పి నాకు తెలుసు. జాగా చాలినంత కాలం దాని జోలికి పోను.

ఎన్విరాన్‌మెంట్‌ని 2 ఎంబీ దగ్గరికి జరిపేద్దామని మీటింగ్‌లో అందరూ అన్నారు. పార్టిషన్ 4 ఎంబీ దగ్గర ఉంది, జాగా బోలెడు. నేను వద్దన్నాను. బయట ఉన్న యూనిట్ల సెట్టింగులు 768 కేబీ దగ్గరే ఉన్నాయి. జరిపితే పాతవి చదివి, కొత్త చోట రాసి, ఆ తర్వాతే యూ-బూట్ మార్చాలి. మధ్యలో కరెంటు పోతే ఏమిటి? ఎవరైనా పాత ఫర్మ్‌వేర్‌కి వెనక్కి వెళ్తే? రెండు కాపీల ఎన్విరాన్‌మెంట్ పెడదామన్న ప్రతిపాదనని కూడా ఇదే కారణంతో పక్కన పెట్టాం. రెండు కాపీలు ఉంటే బ్లాక్ హెడర్‌లో సీఆర్‌సీ తర్వాత ఇంకో బైటు ఫ్లాగ్ చేరుతుంది, పాత టూలు దాన్ని చెల్లని బ్లాక్ అంటుంది. ఇవి రెండూ బోర్డు తర్వాతి రివిజన్‌లో చేస్తాం, మొదటి రోజు నుంచే.

పెట్టాల్సి ఉండి పెట్టని ఆ ఆప్షన్ బోర్డ్ సైజ్ లిమిట్. ముందు "లిమిట్ ఉంది" అని ఆన్ చేయాలి, అప్పుడు విలువ అడుగుతుంది. బైట్లలో, డెసిమల్‌లో. ఇమేజ్ అది దాటితే బిల్డే ఆగిపోతుంది. అసలు హద్దు 7,15,776 అయినా మేం 6,75,840 పెట్టాం, అంటే 660 కేబీ. గోడకి 39 కేబీ ముందే ఆగాలని. ఎస్‌పీఎల్‌లో పాత ఇమేజ్‌ల సీఆర్‌సీ తనిఖీ కూడా ఆన్ చేశాం. ఎస్‌పీఎల్‌కి ఇంకా జాగా ఉంది.

బిల్డ్ స్క్రిప్టులో మూడు మార్పులు చేశాం. డెఫ్‌కాన్ఫిగ్‌లోని ప్రతి లైనూ డాట్-కాన్ఫిగ్‌లోకి చేరిందా అన్న తనిఖీ ఇప్పుడు ప్రతి బిల్డ్‌లో నడుస్తుంది. ఎఫ్‌డబ్ల్యూ_ఎన్వ్ ఫైలుని చేత్తో రాయడం మానేసి, డాట్-కాన్ఫిగ్ నుంచి పుట్టిస్తున్నాం. ప్రతి రిలీజ్‌తో పాటు పూర్తి డాట్-కాన్ఫిగ్‌ని దాచిపెడుతున్నాం. టెస్ట్ జాబితాలో ఒక వరుస చేరింది: సేవ్‌ఎన్వ్ కొట్టు, పవర్ తీసెయ్, మళ్లీ పెట్టు. ఇరవై సెకన్ల పని.

ఎనిమిది యూనిట్లూ యూఎస్‌బీ రికవరీతో లేచాయి. బూట్ మోడ్ పిన్నులకి టెస్ట్ ప్యాడ్లు ఇచ్చిన లేఅవుట్ ఆయనకి అప్పుడే థ్యాంక్స్ చెప్పాను. డీడీఆర్ విషయంలో నాతో వాదించిన సీనియర్‌కి కూడా చెప్పాను, కొంచెం ఆలస్యంగా.

రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం బిల్డ్ ఆగింది. ఇమేజ్ సైజు హద్దు దాటిందని, హద్దెంత, అసలెంత, ఎంత ఎక్కువైంది అని మూడు వరుసల్లో చూపించింది. 31 కేబీ ఎక్కువ. జూనియర్ నుంచి మెసేజ్ వచ్చింది: "అన్నా, అసలు హద్దుకి ఇంకా జాగా ఉంది కదా, లిమిట్ కాస్త పెంచెయ్యనా?" డిఫ్ పంపమన్నాను. ఇంకో ప్రాజెక్టు నుంచి కాన్ఫిగ్ ముక్క ఒకటి తెచ్చి కలిపాడు, అందులో యూబీఐ, యూబీఐఎఫ్‌ఎస్ రెండూ ఆన్‌లో ఉన్నాయి. అవి విడి నాండ్ ఫ్లాష్ చిప్‌ల మీద ఫైళ్లు నడిపే భాగాలు. మా బోర్డు మీద నాండ్ చిప్పే లేదు.